నష్టం అనే గడి

జడ్చర్ల దాటి మట్టిదారి పట్టేసరికి ఆరున్నర.
బండి వెనక తాడుతో కట్టిన డబ్బాలో
గాజు గొట్టాలు, గులాబీరంగు ఆమ్లం, అరచేతంత పంపు.
గాలిని సీసాలో పట్టడం నా కొలువు.

పదివేల గుడ్ల కోళ్లు.
పంజరాల కింద నాలుగు నెలల పెంట
మోకాలెత్తు గుట్టలై
ఎండుతూ, జల్లుకు నానుతూ, మళ్లీ ఎండుతూ.

సంచులెత్తే ఉసేనమ్మ నా పంపును చూసి నవ్వింది:
"గాలిని జోకుతవా సారూ, తూకం రాయి ఏడున్నది?"
మొగులైన పొద్దు ఇంత,
తెల్లారగట్ల తెరలు దించి ఉన్నప్పుడు ఇంత అని
కొంగుతో కన్నొత్తుకొని ఆ తడినే చూపింది.
నా ఆమ్లం రంగు మారడానికి రెండు గంటలు.
ఆమె కన్ను ఎర్రబడటానికి
లోపలికి పోయి రావడమే ఆలస్యం.

అక్కడి అంకెలు పంపేది హన్నెకె.
నెదర్లాండ్స్‌లో ఏదో ఊరి చివర షెడ్డు, నాలుగు దిక్కులా మూసిందట.
పెంట బెల్టు మీద ఎప్పటికప్పుడు బయటికి,
గాలిని మాత్రం ఫ్యాన్లతో లాగి
పుల్లటి నీళ్లలో కడిగి వదులుతారట.
"గాలికి తానమా!" అంది ఉసేనమ్మ.
"మా వాడల నల్లా రెండొద్దులకొక్కసారి."

వంద పాళ్లలో ఆ షెడ్డు పోగొట్టుకునేది తొమ్మిది
ఈ షెడ్డు నలభై ఒకటి.
నష్టం అని రాసిన గడి మాత్రం
రెండు దేశాలకూ ఒకటే వెడల్పు.

హన్నెకె కొత్త జాబు నేను చదివింది
సొసైటీ గోదాం ముందర, యూరియా లైను పక్కన.
మాకు నత్రజని ఎక్కువై చస్తున్నాం అని రాసింది.
కుంటల్లో నాచు కమ్మింది,
చిన్నప్పుడు చూసిన ఊదాపూల బీడు గడ్డి కింద పడిపోయింది,
పెంటను తీసుకుపొమ్మని రైతే ఎదురు డబ్బులిస్తున్నాడు.

తలెత్తి చూస్తే
ఎండలో చెప్పులు నిలబడి ఉన్నాయి వరుసగా.
పిన్నీసు పెట్టిన చెప్పు, మడమ అరిగిన చెప్పు,
పాసుబుక్కు జిరాక్సు మీద రాయి పెట్టిన చెప్పు.
ముప్పై రెండోది కుర్మయ్యది.
కుర్మయ్య గోడనీడన కూసొని బీడీ వెతుక్కుంటున్నాడు.

అతని మక్కచేను ఆ షెడ్డుకు గెట్టుపక్కనే.
ఈగలు అతనివి, వాసన అతనిది,
పెంట మాత్రం మిరపతోటల లారీది.

"గా గాలిల పోయేది యూరియానేనా?"
యూరియా కాదు, దాని పాలివాడు, అన్నాను.
"ఎంత పోతది?"
నెలకు పన్నెండు బస్తాలంత.
అతనికి కావాల్సింది రెండు.

బీడీ ముట్టించలేదు.
షెడ్డున్న దిక్కు మీది ఆకాశాన్ని
ఇచ్చిన అప్పు అడగబోయే మనిషిలా చూశాడు.
"లైన్ల మేమెందుకు మరి,
వల గట్టుకుంటే అయిపాయె."
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

నా సీసా పచ్చబడింది ఇవాళ.
కుర్మయ్య మక్క కూడా పచ్చబడింది, కింది ఆకుల నుంచి.
ఒకటి చిగురు రంగు, ఒకటి కామెర్ల రంగు.
మా భాషలో రెంటికీ ఒకటే మాట,
ఇది హన్నెకెకు ఎట్లా రాయను?
ఉసేనమ్మ కన్నును ఏ గడిలో పెట్టను?
పోయినదెంతో తెలుసు,
ఎవరిది పోయిందో పట్టిక అడగదు.

మేం లెక్కలో ఉండగానే లైను కదిలింది.
ఎవరో, ముఖం చూడలేదు,
తన చెప్పు జరుపుకుంటూ
కుర్మయ్య చెప్పును కూడా
కాలితో రెండడుగులు ముందుకు నెట్టారు.